మోకు పట్టని చెట్టు

మొన్న ఆదివారం పొద్దున మా మేనత్త ఫోన్ చేసింది.

"రోడ్డు వెడల్పు జేసేటోళ్ళు టేపు పట్టుకొని వచ్చిండ్రే. పక్కల చెట్లన్నీ కొలిచి తెల్ల రంగుతోని నంబర్లు ఏసిండ్రు. మన చెట్టు కాడికి వచ్చినంక టేపు సుట్టు తిరుగుతలేదట. గంట సేపటి సంది ఆడనే నిలబడ్డరు. నువ్వొకసారి వచ్చిపో బిడ్డా" అంది.

ఆమె గొంతులో భయం లేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. ఆ రోజు సెలవు. బీరువాలోంచి తాత వీలునామా జిరాక్సు తీసి సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. దారి పొడవునా ప్లాట్ల హద్దురాళ్ళు, రంగు జెండాలు. ఊరు చేరేలోపు, నాకు పదకొండేళ్ళ వయసున్నప్పటి ఒక చలికాలం మొత్తం కళ్ళముందు తిరిగింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలు అవి.

మాది పడిపోయిన ఇల్లని ఊళ్ళో అంటారు. పడిపోయింది పై అంతస్తు మాత్రమే. మా ముత్తాత పన్నెండు ఊళ్ళ కల్లు గుత్తకు పట్టిన ముస్తాజరు. గుర్రం మీద తిరిగేవాడు. ఆయన పోయాక గుత్తలు పోయాయి, గుర్రం పోయింది, మేడ వానలకు కూలింది. కింద మూడు గదులు మిగిలాయి. వాటితో పాటు ఆయన పేరు, హోదా తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిన టేకు పలక ఒకటి, నిటారు వీపున్న పెద్ద కుర్చీ ఒకటి మిగిలాయి. ఆ కుర్చీలో వంగి కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు.

మా తాత ఇరవయ్యో ఏట మోకు పట్టాడు. మోకు అంటే గీత కార్మికుడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు. ముస్తాజరు కొడుకు చెట్టెక్కుతున్నాడని చూడడానికి జనం గుమిగూడారట. తాత ఎక్కి, గీసి, దిగి, నవ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ తలా ఒక రేక కల్లు పోశాడట. మడిచిన తాటాకే మాకు గ్లాసు, దాన్నే రేక అంటాం. "నవ్వుకుంట తాగుండ్రి, గొంతుల అడ్డం పడకుంట సూసుకోండ్రి" అన్నాడట. ఈ ముచ్చట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నా పాతబడలేదు.

నా చిన్నప్పటి ఇల్లు అంటే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. వాకిట్లో బోర్లించిన, కల్లు పట్టే మట్టి లొట్లు, వాటికి పెట్టిన పొగ, పొద్దెక్కేకొద్దీ పులిసే కల్లు, మధ్యలో మా అమ్మ కాల్చే జొన్నరొట్టె. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కోసే చప్పుడు. సంక్రాంతి దాటితే కుంపట్లో కాల్చిన గేగులు, అంటే తాటి తేగలు, ఎండలు ముదిరితే ముంజలు. ఎండకాలం పిల్లలం ముంజల నీళ్ళతో అంగీలు మరకలు చేసుకుంటే తాత తిట్టేవాడు కాదు. కుర్చీ ఎక్కితే మాత్రం తిట్టేవాడు. ఆయన చెట్ల మీదికి పోగానే నేను ఎక్కి కూర్చునేదాన్ని. వీపు నిటారుగా పెట్టి, లేని గుర్రాన్ని తెమ్మని మా అమ్మకు హుకుం ఇచ్చేదాన్ని. "నీ గుర్రం గడ్డి మేయ పోయింది, నువ్వు దిగి లొట్లు కడుగు" అనేది అమ్మ.

మా చెట్లకు పేర్లుండేవి. పిడుగు పడి బతికింది ఉరుముల తాడి. పక్కపక్కన పెరిగినవి అక్కాచెల్లెండ్లు. బడి పంతులు గోడ పక్కది పంతులు తాడి. ఒక్క చెట్టుకే సరైన పేరు లేదు. ఊరి బయట రెండు పెద్ద నల్లరాతి గుండ్ల నడుమ, లోతైన సందులోంచి లేచింది అది. మొదలు నుంచి సగం దాకా రాళ్ళ మధ్య ఇరుక్కొని ఉండేది. మోకు చుట్టూ తిప్పడానికి సందు లేదు. మా కుటుంబంలో ఎవరూ దాన్ని ఎక్కలేదు, గీయలేదు. గుండ్ల నడుమ చెట్టు అని ఊరుకునేవారు.

ఆ గుండ్లలో ఒకదానికి వెనకవైపు మెల్లని వాలు ఉంది. మేకలు ఎక్కేవి, మేకల వెనక మేమూ ఎక్కేవాళ్ళం. అదే మా జారుడుబండ. ఆ సంవత్సరం వానాకాలంలో ఒకరోజు తాత, తుంటి నొప్పితో కాలీడుస్తూ, నన్ను తీసుకుపోవడానికి ఆ గుండెక్కాడు. కొడతాడని దాక్కున్నాను. కొట్టలేదు. పైన నిలబడి చాలాసేపు ఎటో చూశాడు.

దసరా దాటిన పది రోజులకు తాత పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టారు. విస్తట్లో అన్నం, కోడికూర, పక్కన రేకలో కల్లు. కాకి గోడ మీద కూర్చొని దిగడం లేదు. ఎండ నెత్తికెక్కింది. తాతకు ఏ కోరిక మిగిలిందో అని తలా ఒకటి చెప్పి చూశారు. చివరికి మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ముందుకొచ్చి, "నాయినా, చెల్లెను ఇంట్లకెల్లి ఎల్లగొట్టం. నాది పూచీ" అన్నాడు. కాకి దిగి కూర పట్టుకుపోయింది.

ఆ చెల్లెలే మా అత్త. ఇద్దరు మగపిల్లల నడుమ పుట్టిన ఆడపిల్ల. ఆమె భర్త కూడా గీత పనివాడే, చెట్టు మీంచి పడి చనిపోయాడు. అత్త తన పెట్టెతో, ఆయన మోకుతో మా ఇంటికి తిరిగొచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మోకును చూరుకు వేలాడదీసి ఉంచింది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

పదకొండో రోజు, బడిలో పనిచేసి రిటైరైన సారు వీలునామా చదివాడు. తాత చెప్పింది చెప్పినట్టు రాశానని, తాను కలిపింది పేరాల నంబర్లు మాత్రమేనని ముందే చెప్పాడు. పెద్దకొడుక్కు చెరువు కట్ట మీది పదకొండు చెట్లు, పెద్ద కత్తి. చిన్నకొడుక్కు, అంటే మా బాపుకు, వాగు ఒడ్డున తొమ్మిది చెట్లు, మోకు. బిడ్డకు గుండ్ల నడుమ చెట్టు, సన్న కత్తి. మనుమరాలికి కుర్చీ. ఇంట్లో వెనక గదులు కొడుకులకు చెరొకటి, రోడ్డు వైపు గది బిడ్డకు.

గుండ్ల నడుమ చెట్టనగానే ఎవరో కిసుక్కున నవ్వారు. మా బాపు తల దించుకున్నాడు. సారు గొంతు సవరించుకొని చివరి పేరా చదివాడు.

"ఈ ఇల్లు గీతతోని నిలబడ్డది. నా వెనుక కిరాయి మనుషులతోని చెట్లు గీయించొద్దు. వచ్చే శివరాత్రిలోపల ఎవరి చెట్టుకు వాళ్ళే సొంత చేత్తోని కత్తి పెట్టి కల్లు తియ్యాలె. తియ్యనోళ్ళ చెట్టు, అర్ర మిగిలినోళ్ళకు పోతయి."

అర్ర అంటే గది. ఆ మాట పెద్దబాపు కోసమని అందరికీ తెలుసు. మోకాళ్ళ నొప్పులని అప్పటికే ఒక పిల్లగాణ్ణి పెట్టుకొని చెట్లు గీయిస్తున్నాడు. కానీ అది తగిలింది అత్తకు. మా కులంలో ఆడవాళ్ళు కల్లు పోస్తారు, అమ్ముతారు, లొట్లు కడుగుతారు. చెట్టెక్కరు. అందులోనూ మగవాడే ఎక్కలేని చెట్టు అది.

"నాయిన ఎప్పటి లెక్కనే చెప్పిండు. బిడ్డ చెట్టెక్కదన్నది యాదిమరిచిండు" అన్నాడు పెద్దబాపు, నిజంగానే జాలిగా.

"ఇంకో లెక్క రాసుకుందాం సారూ" అన్నాడు మా బాపు. "అక్క చెట్టు నేను గీస్త."

"సొంత చేత్తోని అన్నడు కదరా. అయినా మోకు యాడ పట్టిస్తవు, రాయికా?" అన్నాడు పెద్దబాపు.

పెద్దబాపు చెడ్డవాడు కాదు. రోడ్డు వైపు గదిని ఎరువుల దుకాణానికి కిరాయికి ఇస్తానని అప్పటికే ఎవరికో మాటిచ్చాడు, అంతే. మరుసటి రోజు అత్త దగ్గరికొచ్చి కూర్చున్నాడు. నేను పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

"నేనేమన్న ఎల్లగొడ్తనంటున్ననా చెల్లే? మా అర్రల మాతోనే ఉండు. నీ కంచం నీకుంటది. పిట్ట ముందర మాటిచ్చిన."

"ఉంచుకునుడు వేరు, ఉండుడు వేరు అన్నా" అంది అత్త.

"గా చెట్టు తోని నువ్వేం జేస్తవు?"

"శివరాత్రి ఇంకా నాలుగు నెలలున్నది కదా. నువ్వెందుకు ఆగమైతున్నవు? నీ పదకొండు చెట్లు చూస్కో ముందు. నీ మోకాళ్ళు మాట ఇంటయో లేదో."

పెద్దబాపు లేచి పోయాడు. అత్త మాటలు అట్లా ఉన్నా, ఆమె రోజూ సాయంత్రం ఆ గుండ్ల దగ్గరికి పోయి చెట్టు మొదట్లో కూర్చునేది. తలెత్తి చూసి చూసి మెడ పట్టుకొని తిరిగొచ్చేది. బాపు రెండుసార్లు మోకుతో ప్రయత్నించి, మోచేతులు గీరుకొని దిగిపోయాడు. నెల గడిచింది. పెద్దబాపు పళ్ళు బిగించుకొని తన చెట్లు తానే ఎక్కడం మొదలుపెట్టాడు. రోజూ రాత్రి పెద్దమ్మ ఆయన మోకాళ్ళకు ఆముదం రాసేది. రోడ్డు వైపు గది కిటికీ కొలత తీసుకోవడానికి ఒక వడ్రంగి వచ్చాడు. అత్త అతనికి మంచినీళ్ళిచ్చి, "జర ఆగు తమ్మీ, ఇంకా శివరాత్రి కాలేదు" అని పంపించింది.

ఆ తర్వాత నా మోకాలు పగిలింది.

జారుడుబండ మీద మామూలుగా జారితే లాగులు చిరిగేవి, ఇంట్లో దెబ్బలు పడేవి. అందుకని మేం తాటికమ్మ మీద కూర్చొని జారేవాళ్ళం. ఎండు కమ్మ కన్నా పచ్చి కమ్మ బాగా జారుతుంది. ఆ రోజు నేను పచ్చి కమ్మ మీద జారి, ఆపుకోలేక కిందున్న రాయికి కొట్టుకున్నాను. కమ్మను చంకలో పెట్టుకొనే కుంటుతూ ఇంటికొచ్చాను.

అత్త పసుపు అద్దుతూ అద్దుతూ ఆగిపోయింది.

"గీ కమ్మ ఏడిదే?"

"జారుడుబండ కాడిది."

"పచ్చిగున్నది. రాలింది కాదు, గుంజింది. ఎవ్వరు ఎక్కి తెంపిండ్రు?"

"ఎవ్వరు ఎక్కలె అత్తా. బండ మీదికెల్లి చెయ్యి చాపి గుంజిన."

అత్త కమ్మను అటూ ఇటూ తిప్పింది. నా మోకాలి మీది పసుపు కారి చీలమండ దాకా వచ్చింది. ఆమె చూడలేదు.

"చెట్టు మొవ్వు నీకు ఎంత ఎత్తున కనబడ్తది?"

"ఎత్తేంది? నా కండ్లకు సమంగ ఉంటది."

చెప్పాక నాకు వానాకాలం నాటి తాత గుర్తొచ్చాడు. ఆ రోజు నేను దాక్కున్న చోటునుంచి బయటికొచ్చి, ఏం చూస్తున్నావని అడిగాను. "దీని మొఖం ఇన్నేండ్లకు చూసిన బిడ్డా" అన్నాడు. నాకప్పుడు అర్థం కాక మేకల వెనక ఉరికాను. ఆ సంగతి చెబితే అత్త ఏడ్వలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "రేపు పొద్దుగాల లే. కట్టెలకు పోతున్నమని చెప్పు" అంది.

తెల్లవారేసరికి ఇద్దరం గుండు పైన ఉన్నాం. చెట్టు తల మా ఎదురుగా, చాచిన రెండు చేతుల దూరంలో ఉంది. లేత గొలలు, అంటే పూగుత్తులు, అప్పుడే బయటికి వచ్చాయి, కల్లుకు సరిగ్గా ఆ వయసే కావాలి. మా ఇంట్లో మగవాళ్ళు రెండు తరాలుగా ఆ చెట్టును మొదట్లో నిలబడి చూశారు. మోకు పట్టదని తేల్చుకొని వెనక్కి తిరిగారు. చెట్టు దగ్గరికి పైనుంచి కూడా పోవచ్చన్నది చెట్టెక్కడం వచ్చిన వాళ్ళకు తట్టే మాట కాదు. తాతకూ తట్టలేదు, చెట్టెక్కే వయసు దాటి, మనుమరాలి కోసం బండ ఎక్కేదాకా.

ఆ దూరానికి పలక కావాలి. గట్టిది, వంగనిది. ఇంట్లో అట్లాంటిది ఒకటే ఉంది. నడవాలో గోడకు ఆనించిన ముత్తాత పేరు పలక. నాకు భయమేసింది.

"ముత్తాత పేరు మీద కాలు వెడ్తవా అత్తా?"

"ఎందుకు వెడ్త? పేరు కింది దిక్కుకు తిప్పుత."

పలక మాయమైందని పెద్దబాపు రెండు రోజులు వెతికాడు. చెదలు పట్టిందని, ఎండలో పెట్టానని అత్త చెప్పింది. ఎండలో పెట్టిన మాట అబద్ధం కాదు. చూరు నుంచి మామ మోకును దించింది. ఒక కొన గుండు పైనున్న రాతి కొమ్ముకు బిగించి, రెండో కొన తన నడుముకు కట్టుకుంది. కొంగు దోపి, బండ మీంచి చెట్టు మట్టల దాకా వేసిన పలక మీద కూర్చొని, మెల్లగా ముందుకు జరిగింది. కింద లోతును నేను ఒక్కసారి చూసి మళ్ళీ చూడలేదు. "నువ్వు పలక ఎన్క కొన మీద కూసో. బరువుంటది. కదిలితే తంత" అంది నాతో. నేను ముత్తాత కుర్చీలో కూర్చున్నట్టే కూర్చున్నాను.

కత్తి పట్టడం ఆమెకు కొత్త కాదు. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి తండ్రి కత్తులు, మొగుడి కత్తులు నూరిన చెయ్యి అది. గొలలను నలిపి, జత చేసి కట్టి, రోజుకు రెండుసార్లు కొనలు గీసింది. వారం గడిచినా లొట్టి ఎండిపోయి ఉంది. పదో రోజు నేను చెవి పెట్టి వింటే అడుగున ఒక చుక్క చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. అత్త వేలితో అద్ది నా నాలుక మీద పెట్టింది. అంత తియ్యటిది నేను తర్వాత ఎక్కడా తాగలేదు.

శివరాత్రికి ముందురోజు పొద్దున పెద్దబాపు సారునూ, మా దగ్గర రోజూ తాగే ఒక ముసలి రైతునూ సాక్ష్యానికి వెంటబెట్టుకొని వచ్చాడు. చెరువు కట్ట చెట్లు చూపించాడు, వాగు ఒడ్డున బాపు చెట్లు చూశారు. చివరికి గుండ్ల దగ్గరికి వచ్చారు. కింది నుంచి చూస్తే ఆకులు, రాళ్ళు తప్ప ఏమీ కనబడదు.

"చూసినవా సారూ. లొట్టి లేదు, మోకు రాపిడి లేదు. చెల్లె తప్పు కాదు, చెట్టుదే తప్పు" అన్నాడు పెద్దబాపు.

"అన్నా, మీదికెల్లి రా" అని పైనుంచి అత్త పిలిచింది.

ముగ్గురూ వాలు చుట్టూ తిరిగి ఎక్కారు. పెద్దబాపు మోకాళ్ళు పట్టుకొని వెనక వచ్చాడు. అప్పటికి అత్త పలక మీద ఉంది. లొట్టి విప్పి, వెనక్కి జరిగి, బండ మీద దించింది. సగానికి పైగా నురగ.

పెద్దబాపే ముందుగా అన్నాడు, "ఎక్కకుంట గీసుడు ఏం గీతనే? ఆడమనిషి చెయ్యి తగిలిన చెట్టు పారదంటరు."

"పారిందో లేదో లొట్టిల చూడు" అంది అత్త.

సారు కళ్ళజోడు తుడుచుకొని కాగితం తీశాడు. "కత్తి పెట్టి కల్లు తియ్యాలె అని ఉన్నది. ఎక్కాలె అని మీ నాయిన చెప్పలేదు. నేను అడిగిన కూడా, ఎక్కాలె అని రాయాల్నా అని. వద్దు సారూ, గీసుడు చాలు అన్నడు."

ముసలి రైతు అప్పటికే రేక మడిచి పట్టుకున్నాడు. "మీ లెక్కలు తర్వాత తెంపుకోండ్రి. ముందుగాల పొయ్యి బిడ్డా" అన్నాడు. కళ్ళు మూసుకొని తాగి, మూతి తుడుచుకున్నాడు. "ముస్తాజరు ఇంటి కల్లే" అన్నాడు.

పెద్దబాపు పలకను చూశాడు. వంగి, దాని అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. చెక్కిన అక్షరాలు వేళ్ళకు తగిలి ఉంటాయి. ఆయన లేచి, చెట్టు తలకు ఎదురుగా, తాత నిలబడిన చోటే నిలబడ్డాడు.

"ముప్పై ఏండ్లు దీని మొదట్ల నిలబడి పోయిన" అన్నాడు. తర్వాత రేక చాపాడు. "పొయ్యి చెల్లే. కొంచెమే, మళ్ళ దిగాలె."

ఎరువుల దుకాణం వేరే గదిలోకి పోయింది. రోడ్డు వైపు గదిలో అత్త తన పెట్టె పెట్టుకొని, కిటికీకి లోపలి గడియ తానే బిగించుకుంది.

ఆ లోకం ఎక్కువ కాలం నిలవలేదు. కట్ట వెడల్పు చేసినప్పుడు పెద్దబాపు పదకొండు చెట్లూ పోయాయి. వాగు ఒడ్డువి ఇటుక బట్టీలకు పోయాయి. ఉరుముల తాడి, అక్కాచెల్లెండ్లు, పంతులు తాడి, ఏవీ లేవు. మోకు పట్టని చెట్టుకు రంపమూ పట్టలేదు. అదొక్కటే మిగిలింది.

మొన్న నేను బస్సు దిగేసరికి టేపు పట్టుకున్న కుర్ర ఉద్యోగి రాయికి ఆనుకొని చెమట తుడుచుకుంటున్నాడు. ఈ గుండ్లు పేల్చాలో, రోడ్డునే పక్కకు జరపాలో పైవాళ్ళు తేలుస్తారని, తనకు కావలసింది చెట్టు వివరం మాత్రమేనని చెప్పాడు. నేను వీలునామా జిరాక్సు చూపించి, వెనక వాలు మీదుగా పైకి తీసుకుపోయాను. అత్తకు ఇప్పుడు జుట్టు తెల్లబడింది, నడుము మాత్రం వంగలేదు. మోకు కట్టుకొని, పలక వేసి, నన్ను వెనక కొన మీద కూర్చోబెట్టి, దాని మీద జరిగి కూర్చుంది. ఆ కుర్రాడు చెట్టు తలకు ఎదురుగా నిలబడి చాలాసేపు టేపు సంగతి మరిచిపోయాడు.

"ఇది ఎవరి పేరు మీద రాయమంటారు?" అని చివరికి అడిగాడు.

అత్త వెనక్కి తిరగకుండానే తన పేరు చెప్పింది. తర్వాత తండ్రి పేరు చెప్పింది. ఆ పైన ముత్తాత పేరు, ఆయన హోదా నేను చెప్పబోయి ఆగిపోయాను. అది అక్కడే, పలక అడుగున, అత్త బరువు మోస్తూ ఉంది.